నా వంతుకు మల్లక్క పోయింది

ఈ పొద్దున గడీ నుంచి దొర మనిషి వచ్చి, వడ్లు దంచే వెట్టికి ఈరోజు నా వంతన్నాడు. నాకు ఏడో నెల. కాదనే ధైర్యం మా ఇబ్రహీంపట్నంలో ఎవరికుంది? కొంగు బిగించి లేవబోతుంటే లోపల బిడ్డ గట్టిగా తన్నింది. "అమ్మో" అని గోడ పట్టుకున్నాను.

మా తోడికోడలు మల్లక్క మూలన కూర్చుని ఉంది. నెల కిందట గడీలో దంచుతుండగానే ఆమెకు నొప్పులొచ్చాయి. పుట్టిన పిల్ల ఏడవనే లేదు. అప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు లేచొచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టింది. బిడ్డ మళ్లీ మళ్లీ తన్నింది.

"నా బిడ్డ గూడ గిట్లనే మస్తు తన్నేది" అంది.

నేను ఆమె చేతి మీద నా చెయ్యి వేశాను.

"నువ్వు ఇంట్లనే ఉండు. నీ వంతుకు నేను పోత."

"నీ పాణమే ఇంక కుదురుకోలే గదక్కా!"

"నాకింక పోయేదేమున్నదే?" అంటూ బయటికి నడిచింది.

వెనక్కి పిలవాలనుకున్నాను, పిలవలేదు. పొద్దుగూకాక ఆమె అరచేతుల నిండా పొక్కులతో వచ్చింది. వాటికి ఆముదం రాస్తుంటే బిడ్డ లోపల హుషారుగా కదులుతూనే ఉంది. దానికి ఈ లోకం సంగతి ఇంకా తెలియదు కాబోలు. మీరైతే ఆమెను ఆపేవారా?