హోమం పొగకు దారి

2009 నవంబరులో, నేపర్‌విల్ దగ్గర మన తెలుగువాళ్లు కట్టుకున్న హాలుకు వెంటిలేషన్ పరీక్ష జరిపించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను షికాగోలోని ఒక కంపెనీలో సీనియర్ మెకానికల్ ఇంజనీరుని. ఆ హాలు డిజైన్‌లో గాలి లెక్కలు నావే. గోడల పైభాగాన, కప్పు కిందుగా వరసగా కిటికీలుంటాయి. మా వృత్తిలో వాటిని క్లియర్‌స్టోరీ అంటాం. పగలు లైటు వేయక్కర్లేదు. మోటారుతో తెరిస్తే వేడిగాలీ, పొగా పైనుంచి పోతాయి.

లోపల హోమం చేసుకోవాలంటే ఫైర్ ఇన్‌స్పెక్టర్ ఎదుట నిప్పు వెలిగించి, పొగ నిలవదని చూపించాలి. హాలు కమిటీ ప్రెసిడెంటు రమణగారి కూతురి పెళ్లి ఆ ఆదివారమే, ఆ హాల్లోనే. పర్మిషన్ రాకపోతే పెళ్లిలో అగ్నిహోత్రం ఉండదు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

పెళ్లి చేయించబోయే పురోహితులు శాస్త్రిగారు సమిధలు వేసి నెయ్యి పోశారు. పైకిటికీలు తెరిచాం. పొగ పైకి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ మా నెత్తిమీదికే దిగింది. ఇన్‌స్పెక్టరు దగ్గుతూ తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్లు మండింది. పైనుంచి గాలి పోవాలంటే కిందనుంచి రావాలని, నేల దగ్గర గోడల్లో జాలీలు పెట్టించింది నేనే. గోడకు చేర్చిన మడత కుర్చీలు జరిపి చూద్దును కదా, జాలీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు, వాటి చుట్టూ టేపు!

ఎవరు మూశారని అడిగాను.

"నేనే మూయించానమ్మా," అన్నారు శాస్త్రిగారు. "చలిగాలికి దీపం కొండెక్కుతోంది. పెళ్లి ముందు అదేం శకునం చెప్పండి?"

"అయ్యో శాస్త్రిగారూ, నాకు ఒక్క కాల్ చేయొచ్చు కదండీ!" అని రమణగారు తల పట్టుకున్నారు.

నా కోపం కాస్తా నవ్వయింది. శాస్త్రిగారు అన్నదీ సబబే, ఇక్కడి చలిగాలి దీపాన్ని నిలవనిస్తుందా? దీపాలకు గాజు చిమ్నీలు పెడదామని ఆయన్ని ఒప్పించి టేపు పీకేశాం. ఇంకోసారి చూస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి పొగ నిటారుగా లేచి, పైకిటికీల్లోంచి బయటికి సాగిపోయింది. పర్మిషన్ ఇచ్చేశాడు. రమణగారు కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటూ, పొగవల్లేనన్నారు. అప్పటికి హాల్లో పొగే లేదు.

ఆ తరవాత ఏ భవనానికి గాలి లెక్క వేసినా, దీపం ఎక్కడ పెడతారో, జనం ఎక్కడ కూర్చుంటారో ముందు అడిగేదాన్ని. గాలి వచ్చేచోట ఇబ్బందిగా ఉంటే మనుషులు దాన్ని మూసేస్తారు. అప్పుడు పైన ఎంత పెద్ద కిటికీ పెట్టినా వెలుతురుకే పనికొస్తుంది.