ముత్తమ్మకి కూడా తెలుసన్నావు కదా

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉండిపోయింది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. మావారికి చెప్పలేదు. కన్నకూతురికి చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని పక్కకు తోసి వేరేవే మొక్కుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి. అది నాకు అలవాటైపోయింది.

మేం కిరందుల్‌లో కంపెనీ క్వార్టర్లలో ఉంటాం. మావారికి ఇనుప ఖనిజం గనిలో ఉద్యోగం. పక్క క్వార్టర్ రాజేశ్వరి వదినది. వాళ్లూ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లమ్మాయి సౌజన్య నన్ను పిన్నీ అని పిలిచేది, సగం మా ఇంట్లోనే పెరిగింది. అదీ మా అమ్మాయీ ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. కాలేజీలో చేరాక సౌజన్యకు ముత్తమ్మ స్నేహమైంది. ముత్తమ్మ కోంటా వైపు పల్లె నుంచి వచ్చిన దోర్ల తెగ పిల్ల. దంతెవాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకు సౌజన్యతో పాటు మా ఇళ్లకు వచ్చేది. దాని తెలుగు విని మేం నవ్వితే, మా తెలుగు విని అది నవ్వేది. అదీ నన్ను పిన్నీ అనే పిలిచేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వరండాలో కూర్చుని గీదం సంతలో కొన్న చింతపండు గింజ తీస్తున్నాను. సౌజన్య వచ్చి నా పక్కన చతికిలబడి తనూ తీయడం మొదలుపెట్టింది. దోసెడు గింజలు కుప్ప పోసింది. తర్వాత తలెత్తకుండానే అంది.

“పిన్నీ, నాకు పెళ్లి వద్దు. ఇప్పుడని కాదు, ఎప్పుడూ వద్దు. నాకు అబ్బాయిల మీద మనసు పోదు. అమ్మాయిల మీదే పోతుంది. చిన్నప్పటినుంచీ అంతే.”

ఇది ఇంకెవరికైనా తెలుసా అని అడిగాను.

“ముత్తమ్మకి తెలుసు. ఇప్పుడు నీకు. అమ్మకి నేనే చెప్తాను, పరీక్షలు అవ్వనీ. అంతవరకూ నీ కడుపులో పెట్టుకో పిన్నీ.”

“పెట్టుకుంటానమ్మా,” అన్నాను. దాని తల కూడా నిమిరాను.

నిమిరిన ఆ చెయ్యి మంచిదే అనుకుంటాను. మరి ఆ వారం తిరక్కుండానే వాళ్ల నాన్నను బస్టాండు దగ్గర ఆపి అంతా చెప్పింది ఎవరు? నేనే. సౌజన్య మంచి కోరి చెప్పాననుకున్నాను అప్పట్లో. అది అబద్ధం. నాకు గుర్తొచ్చింది ఆ దుప్పటి. ఈ సంగతి రేపు కాలనీలో పొక్కితే ఆ పక్కన పడుకున్న నా కూతురి పేరు కూడా కలుపుతారేమో, దానికి సంబంధాలు రావేమోనని భయపడ్డాను. నా కూతురిని కాపాడుకోవడానికి పక్కింటి పిల్లను పట్టించాను. పైగా, “నా పేరు రానివ్వకండి అన్నయ్యా,” అని బతిమాలాను. ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు, వదిన దగ్గర కూడా.

ఆ ఇంట్లో కేకలు గోడ ఇవతలికి వినిపించాయి. పిల్ల ఫోను లాక్కున్నారు, కాలేజీ మాన్పించారు. ఊరికి తీసుకెళ్లడానికి బట్టలు సర్దుతుంటే సౌజన్య మా పెరటి తలుపు తోసుకుని వచ్చింది. చెంప వాచి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు చెప్పలేదు కదా పిన్నీ అని అడిగింది. అడగడంలో అనుమానం లేదు. కాదనిపించుకోవడానికే అడిగింది.

“నేనెందుకు చెప్తానమ్మా,” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. “ముత్తమ్మకి కూడా తెలుసన్నావు కదా.”

అంతే అన్నాను. ముత్తమ్మే చెప్పింది అనలేదు. ఇన్నాళ్లూ ఆ తేడాను పట్టుకునే బతికాను. నేనన్నది నిజమే కదా, ముత్తమ్మకి తెలుసు కదా అని నాకు నేనే వాదించుకున్నాను. కానీ ఆ మాట విన్నాక సౌజన్య మొహం ఎలా మారిందో చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను. నా ఫోను తీసుకుని ముత్తమ్మకు చేసి, ఇక జన్మలో నీ మొహం చూడనంది. అవతలనుంచి ముత్తమ్మ ఏడుస్తూ ఏదో చెబుతోంది. సౌజన్య పెట్టేసింది.

ఊళ్లో దాన్ని ఎవరో స్వామి దగ్గరికి తీసుకెళ్లి పసర్లు తాగించారు. సంబంధాలు చూశారు. పిల్ల తిండి మానేసింది, తర్వాత మాటే మానేసింది. అప్పుడు రాజేశ్వరి వదిన మొగుడితో పోట్లాడి బిడ్డను వెనక్కి తెచ్చుకుని, జగదల్‌పూర్‌లో ఒక డాక్టరమ్మకు చూపించింది. పిల్లకు జబ్బేమీ లేదని, ఇంట్లో భయపడకుండా ఉండనిస్తే కోలుకుంటుందని ఆవిడ చెప్పిందట. వదినకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, అన్నయ్యకు ఇంకా ఎక్కువ. కానీ మారారు. సౌజన్య చదువు ముగించింది. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ తనకు నచ్చిన మనిషితో కలిసి ఉంటోంది. వదిన వెళ్లి వాళ్లిద్దరికీ వండిపెట్టి వస్తుంది.

ఇక్కడితో కథ సుఖాంతమే. నాకు కాదు, ముత్తమ్మకు కాదు.

ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు వదిన ఇప్పుడు తనే వెళ్లి, ఆ తల్లిదండ్రుల దగ్గర కూర్చుంటుంది. నన్నూ వెంట తీసుకెళ్లేది. “మా పిల్ల మొదట చెప్పుకున్నది ఈవిడకే, ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు,” అని అందరికీ పరిచయం చేసేది. అన్నయ్య పక్కనుంటే చూపు తిప్పుకునేవాడు. నేను తల వంచుకునేదాన్ని. వాళ్లు దాన్ని వినయం అనుకునేవాళ్లు.

ఈమధ్య బచేలిలో ఒక ఇంటికి వెళ్లాం. ఆ ఇంటి పిల్ల పన్నెండో తరగతి. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మెల్లగా నా పక్కకు వచ్చి, ఆంటీ, మీతో ఒకటి చెప్పుకోవచ్చా అని అడిగింది. నాకు కాదమ్మా, ఆవిడకు చెప్పుకో అని వదినను చూపించి బయటికి వచ్చేశాను. వాళ్ల గేటు పట్టుకుని ఏడ్చాను.

తర్వాత ఒంటరిగా బస్సెక్కి సుక్మా వెళ్లాను. ముత్తమ్మ అక్కడ ఆడపిల్లల హాస్టల్‌కి అధీక్షిక, అంటే వార్డెన్. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. మేడం అని పిలిచింది. నేను అంతా చెప్పాను. ఎక్కడా నన్ను వెనకేసుకు రాకుండా చెప్పానని అనుకుంటున్నాను. ముత్తమ్మ లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“నేను చెప్పలేదని ఎన్నిసార్లు అన్ననో. అది నమ్మలే,” అంది. “ఆ కాలేజీల నాకున్న మనిషి అదొక్కతే, మేడం. మాఫీ నా దగ్గర అడగకున్రి. పోయి దానికి చెప్పున్రి.”

ఆ సాయంత్రమే సౌజన్యకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, ముత్తమ్మ నంబరు ఉందా అని మాత్రం అడిగింది. ఇచ్చాను. పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు.

మర్నాడు పొద్దున వదినకూ చెప్పాను. వదిన లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇప్పుడు ఆ ఇళ్లకు ఒక్కతే వెళుతోంది. స్కూటీ చప్పుడు విని నేను లోపలే ఉండిపోతాను. గోడ అవతల నాకు ఎవరూ లేరిప్పుడు. అలా ఉండటం న్యాయమే. నేనే చెప్పాను అన్న మాట చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పేశాను. ఇన్నేళ్ల తర్వాత ఈ రోజే అన్నం మెతుకు గొంతులో అడ్డం పడకుండా దిగింది.