గడప అవతల పెట్టిన చుక్క

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా అమ్మ ఉండే వీధి చివర ఒక చదువుల గది ఉంది. ఆదివారాలు దానికి తాళమే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లూ పుల్లలు పేర్చిన అమ్మకు, ఇంట్లో మాట్లాడే తెలుగును చదవాలని ఆశ పుట్టింది. నేను పెద్దయ్యాక సొంతంగా తెలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అమ్మకూ, ఆశ ఉన్న మరికొందరికీ నేర్పడానికి ఆదివారం ఒక్క గంట ఆ గది ఇమ్మని అడిగాను. గది చూసుకునే పెద్దాయన తమిళంలో తేల్చేశాడు: “ఇల్లిల్లూ అడిగి రాసుకున్న జాబితా ఇది. ఇందులో తెలుగువాళ్లు ఒక్కరూ లేరమ్మా.”

నాకు ఒళ్లు మండింది. కాగితంలో లేకపోతే మ్యాపులో పెడతాననుకున్నాను. విరుదునగర్‌లో నూనెమిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని, పట్టికలు నాకు కొత్త కాదు. ఇంటికొక వరుస: ఇల్లున్న చోటు, ఇంటి భాష, ఆ ఇంటివాళ్లు ఇష్టపడి చెప్పిన ఒక మాట. ఆ పట్టికను ఎక్కిస్తే మ్యాపు తయారుచేసిపెట్టే ఉచిత సైటు దొరికింది. తెలుగు ఇళ్లకు ఎర్ర చుక్క, తమిళ ఇళ్లకు నీలం.

భుజాన సంచీ, చేతిలో ఫోను పట్టుకుని వీధంతా తిరిగాను. వాకిట్లో నిలబడి, ఆఫీసు అలవాటు కొద్దీ, తమిళంలోనే అడిగాను. సాయంత్రం మ్యాపు తెరిస్తే వీధి పొడుగునా నీలమే. మా అమ్మ ఇల్లు కూడా.

“అమ్మా, కన్నబిడ్డకే తమిళమని చెప్పినావే?”

“నువ్వు గడపకి అవతల నిలబడి తమిళంలో అడిగితివి. ఇంకేమి చెప్పేది? ఇంటి బాస ఇంట్లోకి వచ్చి అడగాల, పిల్లా.”

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మేమంతా అంతే. గడప దాటితే నాలుక తనంతట తానే మారిపోతుంది. పెద్దాయన జాబితా కూడా వాకిట్లో నిలబడి రాసుకున్నదే.

మరుసటి ఆదివారం సంచీ లేకుండా బయల్దేరాను. పెరటి దారిన వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్కన కూర్చుని, ఏం కూర అని తెలుగులో అడిగాను. మాటలు వాటంతటవే వచ్చాయి. ఒప్పుకున్నవాళ్ల గొంతులు రికార్డు చేసి చుక్కలకు తగిలించాను. నిజంగా తమిళం మాట్లాడే ఇళ్లను నీలంగానే ఉంచాను, అబద్ధం నాకక్కర్లేదు. మిగతా వీధి ఎర్రబడింది. చుక్క మీద వేలు పెడితే ఒక ముసలామె ఎసరు మరిగిందని కోడలికి చెబుతుంది.

పెద్దాయనకు చూపించాను. రెండు మూడు చుక్కలు నొక్కి విన్నాడు. ఫోను తిరిగిచ్చేస్తూ, “నువ్వే గీసుకున్న మ్యాపు కదమ్మా, ఎవరు ఒప్పుకుంటారు?” అన్నాడు.

“ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు,” అని వచ్చేశాను. ఇక ఎవర్నీ అడగదలచుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున అమ్మ ఇంటి ముందు చాప పరిచాను, గడపకు అవతల, వీధిలోకి. పలకలు పట్టుకుని ఐదుగురు ఆడవాళ్లొచ్చారు. అమ్మ వంకర టింకరగా ‘అ’ దిద్దుతుంటే పెద్దాయన అటుగా వచ్చి, ఇక్కడేం జరుగుతోందని తమిళంలో అడిగాడు. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. అమ్మ దించలేదు.

“మా బాస చదువుకుంటా ఉండాము అన్నా. మీరూ కూసోండి.”

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ వీధిలో తెలుగు మాట్లాడడం వినలేదు. ఆ సాయంత్రం మ్యాపు తెరిచి, ఆమె చుక్కను ఇంట్లోంచి జరిపి గడప అవతల పెట్టాను.