గుడియాత్తం నుంచి గట్టు లేని నీళ్ళకు

మా తమ్ముడు చలపతి తమిళనాడులో వేలూరు పక్కనున్న గుడియాత్తంలో ఇళ్ళు కట్టించే మేస్త్రీ. ఆదివారమైతే చెరువులో చేపలు పడతాడు. అందుకోసం ఒక కయాక్ కొన్నాడు. ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే ప్లాస్టిక్ పడవ అది. చెరువు చేపలు విసుగు పుట్టించాయో ఏమో, ఈ మాసి నెలలో వాడి కన్ను సముద్రం మీద పడింది.

వాడి భార్య సుజాత నా దగ్గరికి వచ్చింది. “వొదినా, ఆయప్పకు ఎవురు చెప్పినా తలకెక్కదు. మీరు కూడా పొయ్యి చూసి రండి. మీరు సరే అంటే నేను అడ్డం పడను. వద్దంటే ఆ పడవను అమ్మేస్తాను,” అంది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

నేను తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. సముద్రం గురించి నాకు తెలిసింది శూన్యం. కానీ ప్రశ్నలు అడగడం నాకున్న పాత జబ్బు కాబట్టి ఒప్పుకున్నాను. చలపతి చదివింది అరవ బడిలో, తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకే వాడి సంగతులు ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

శనివారం పొద్దున ఆరింటికి స్టేషన్‌కు షేర్ ఆటో ఎక్కాం. పడవ తేనక్కర్లేదని, అలాంటిదే అక్కడ ఇస్తానని, మద్రాసు దాటి సముద్రం ఒడ్డున కయాక్ నేర్పించే అతను ఫోన్లో చెప్పాడు. ఆటోలో మునిరత్నం మామ ఉన్నాడు. వేలూరు కొట్లకు లుంగీలు తీసుకుపోయి వేసే మనిషి, మూట మీదే కూర్చున్నాడు.

“ఆ గోనెసంచిలో ఏముండాది రా చలపతీ?”

“బొంత మామా. మెడ్రాసులో చలిగా ఉంటాది.”

ఎండలు మొదలయ్యే మాసి నెలలో మద్రాసులో చలి. మామ నమ్మినట్టే తలూపాడు. సంచిలో ఉన్నది నారింజరంగు లైఫ్ జాకెట్, నీళ్ళలో మనిషిని తేల్చేది. సుజాత కొనిపెట్టింది, వీడు ఒక్కసారి కూడా ఒంటి మీద వేసుకోలేదు.

దానికి కారణం ఉంది. మా వైపు పిల్లలు సేద్యపు బావుల్లో ఈత నేర్చుకుంటారు. ఎండిన కట్టె బెండు వీపుకు కట్టి నీళ్ళలోకి తోస్తారు. ఈత వచ్చిన రోజు బెండు విప్పేస్తారు, ఆ రోజు ఇంట్లో బెల్లం పంచుతారు. ఆ తర్వాత కూడా బెండు కట్టుకుని దిగేవాణ్ణి ఊరంతా ఏడిపిస్తుంది. చలపతికి ఈత నేర్పింది నేనే. నీళ్ళలో ఏమైనా సరే, అన్నీ వదిలేసి గట్టు పట్టుకోమని వాడికి నూరిపోశాను. బావికి అది సరైన పాఠమే.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. కాట్పాడిలో ఇడ్లీ పొట్లాలు కొన్నాం, చట్నీ పులిసింది. ఎదురుగా కూర్చున్న అరక్కోణం పెద్దాయన ఎక్కడికని అడిగాడు. సముద్రంలో చేపలు పట్టడానికన్నాను. “ఏమ్మా, మీ ఊరి మార్కెట్లో దొరకడంలేదా?” అన్నాడు. నవ్వాపుకోలేక నాకు పొరబోయింది.

సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్క్ టౌన్ నుంచి లోకల్ రైల్లో తిరువాన్మియూరు పోవాలి. అక్కణ్ణుంచి మహాబలిపురం వైపు బస్సులు దండిగా ఉన్నాయి. మేం దిగాల్సిన చేపలవాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. మేడ మీద గది శుభ్రంగా ఉంది. భోజనంలోకి వంజరం చేప వేపుడు పెట్టారు. దానికోసమైనా ఈ దారి పట్టవచ్చు.

నేర్పించే సెల్వానికి ముప్పై ఏళ్ళుంటాయి. పరీక్షలు ప్యాసై ఈ పని చేసుకుంటున్న మనిషి, నోరు పెద్దది. అతను మాట్లాడింది అరవంలోనే, నేను తెలుగు చేసి రాస్తున్నాను. వెంటనే నీళ్ళలోకి దిగనివ్వలేదు. ముందు కూర్చుని చూడమన్నాడు. నాకది బాగా నచ్చింది.

చూడగా చూడగా తెలిసింది, ఒడ్డున విరిగే అల వేరు, దూరంలో విరగకుండా లేచి దిగేది వేరు. దాన్ని నేను పొంగు అనుకున్నాను, పాలు పొంగినట్టు. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో దూరపు గాలికి పుట్టి వస్తుందట. పెద్ద పొంగులు కొన్ని వరసగా వచ్చి, తర్వాత కాసేపు తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలోనే బయటికి పోవాలి, ఆ తెరిపిలోనే తిరిగి రావాలి.

“ఎత్తు తక్కువగా ఉంటే భయం లేదు కదా?” అని అడిగాను.

“ఎత్తొక్కటే చూడకూడదమ్మా. ఒక పొంగుకూ ఇంకోదానికీ మధ్య ఎడం ఎంత ఎక్కువైతే అంత బలం. పొద్దున ఫోన్లో రెండూ చూసే పోతాం. సరిగ్గా లేకపోతే ఇడ్లీ తిని పడుకుంటాం.”

నాలుగింటికి ఒడ్డుకు దగ్గరగానే మొదలుపెట్టారు. జాకెట్ లేనిదే పడవ లేదన్నాడు సెల్వం. చలపతి అటూ ఇటూ చూసి, మన ఊరివాళ్ళు ఎవరూ లేరని తేల్చుకుని తొడుక్కున్నాడు. కానీ పట్టీలు బిగించలేదు. సెల్వం చెప్పాపెట్టకుండా వాడి పడవను బోర్లా తోసేశాడు. చలపతి పైకి తేలి, పడవనూ తెడ్డునూ వదిలేసి, చెవుల దాకా ఎక్కిన జాకెట్‌తో ఒడ్డుకు ఈదడం మొదలుపెట్టాడు. వెనకే విరిగిన అల ఆ పడవను ఎత్తి వాడి మీదికే విసిరింది. భుజం గీరుకుపోయింది. అది తలకు తగిలి ఉంటే ఏమయ్యేదో.

“విడాదీంగ, పడవను విడాదీంగ,” అని, అంటే వదలొద్దని, సెల్వం అరుస్తూ వచ్చాడు. లోపల బోల్తాపడితే పడవను వదలకూడదు. నీళ్ళలో తల ఎవరికీ కనబడదు, పడవ కనబడుతుంది. అల విరిగే చోటైతే పడవకు సముద్రం వైపే ఉండాలి. పడవకూ ఒడ్డుకూ నడుమ మనిషి ఉండకూడదు.

“నీళ్ళలో పడితే గట్టు పట్టుకోమనే గదా అక్క నేర్పింది?” అన్నాడు చలపతి భుజం రుద్దుకుంటూ.

“లోపల గట్టు ఎక్కడుంది సార్? మీరు ఎక్కిందే గట్టు.”

“ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్ళను చూసినాను. దాటకముందే తగలేసినోణ్ణి నిన్నే చూస్తా ఉండా,” అన్నాను నేను. నవ్వించడానికే అన్నాను గానీ నాకు నవ్వు రాలేదు.

మనిషిని పడవకు కట్టేస్తే మేలు కదా అని అడిగాను. అది ప్రాణం తీస్తుందన్నాడు సెల్వం. కట్టాల్సింది తెడ్డును. చిక్కుపడిన తాడు కోయడానికి కత్తి, జాకెట్‌కు ఈల, మెడలో నీళ్ళు దూరని సంచిలో ఫోన్ ఉండాలి. చీకటి పడేదాకా చలపతి పడడం, పడవను తిప్పుకోవడం, బోర్లా పడుకుని పైకి పాకి ఎక్కడం, మళ్ళీ పడడం. రాత్రి అన్నం ముందే నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున సముద్రం అనుకూలంగానే ఉంది. సెల్వం నాకూ ఒక పని అప్పజెప్పాడు. పదింటికల్లా వాళ్ళిద్దరూ ఒడ్డు చేరకపోతే తీరరక్షణ వాళ్ళకు నేను ఫోన్ చెయ్యాలి. ఒడ్డున ఎవరికీ చెప్పకుండా ఎవరూ లోపలికి పోకూడదట. చలపతి ఎర్ర పడవలో, సెల్వం ఇంకోదాంట్లో, ఇద్దరూ తెరిపి చూసుకుని దాటిపోయారు. నేను ఫోన్ పట్టుకుని ఇసుకలో కూర్చున్నాను.

పొంగు దిగినప్పుడల్లా వాళ్ళు కనబడరు, లేచినప్పుడు మళ్ళీ కనబడతారు. కాసేపటికి దానికి అలవాటుపడ్డాను. తొమ్మిది దాటాక ఒక పొంగు లేచింది, ఒక్క మనిషే కనిపించాడు. ఇంకొకటి లేచింది, ఎర్ర పడవ అడుగు కనిపించింది. చేపను లాగబోయి పడవను పొంగుకు అడ్డం తిప్పాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, మా వాడు నీళ్ళలో ఉన్నాడు.

పడవ పక్కనే నారింజరంగు చుక్క తేలింది, వాడి జాకెట్. ఇప్పుడు ఒడ్డు వైపు ఈదుతాడనుకున్నాను. చిన్నప్పటి నుంచి రా నాయనా, గట్టుకు రా అని పిలిచినదాన్ని, ఆ పొద్దు ఇసుకలో లేచి నిలబడి, “రావద్దు రా, రావద్దు,” అని గొణుక్కున్నాను. వాడికి వినబడదు. అయినా అంటూనే ఉన్నాను.

చుక్క కదల్లేదు. పడవను పట్టుకునే ఉంది. సెల్వం పక్కకు చేరాడు. ఎర్ర పడవ తిరగబడింది. మా వాడు ఒకసారి పాకి జారిపోయాడు, రెండోసారి ఎక్కి కూర్చున్నాడు. నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను.

పదికి ముందే ఒడ్డు చేరారు. చేప లేదు. “కాలు నరం పట్టేసింది అక్కా. ఈత యాడ వస్తుంది? ఇదే పైకి పట్టుకునింది,” అన్నాడు చలపతి, జాకెట్ మీద చెయ్యి వేసి. పట్టీలన్నీ బిగించి ఉన్నాయి.

తిరుగు దారిలో బస్సు పట్టి, వేలూరులో దిగి టీ తాగి, సాయంత్రం గుడియాత్తం బస్సెక్కాం. ముందు సీట్లో మునిరత్నం మామ, మూట ఖాళీ. బస్సు కదిలాక వెనక్కి తిరిగాడు.

“బొంత తడిసినట్టుండాదే?”

“బొంత కాదు మామా. బెండు.”

“ఎవురికిరా?”

“నాకే.”

“ఇంత మీసం పెట్టుకొని బెండా?” మామ నవ్వాడు, పక్క సీట్లవాళ్ళూ నవ్వారు. చలపతి సంచిలోంచి తడి జాకెట్ తీసి అక్కడే తొడుక్కుని, పట్టీలు ఒక్కొక్కటే బిగించి చూపించాడు. కండక్టర్ వింతగా చూసి టికెట్ కొట్టాడు.

సముద్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, వెళ్ళి చూడమనే చెబుతాను, ముందు కూర్చుని చూడమంటాను. చలపతి జాకెట్ విప్పకుండానే వీధిలో నడిచి ఇంటికి వచ్చాడు. సుజాత గడపలో నిలబడి వాణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత బిగించిన పట్టీ ఒకటి లాగి చూసి, “పడవను అమ్మనులే వొదినా,” అని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.