ఊరు ఊపిరి బిగపట్టిన అరగంట

1984 ఏప్రిల్. పొదిలికీ వినుకొండకీ మధ్య, నల్లరేగడి నేలలో ఉన్న ఒక మేజర్ పంచాయతీలో నేను వాటర్ వర్క్స్ ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. దాన్ని పల్లె అంటే అక్కడివాళ్ళకి కోపం వచ్చేది, పట్నం అంటే పక్క ఊళ్ళవాళ్ళకి నవ్వొచ్చేది. ఒక జిన్నింగ్ మిల్లు, రెండు కారం మరలు, ఒక బస్టాండు, అందరికీ పెద్ద గొంతులు. ఇద్దరు అన్నదమ్ములు పత్తి ధర గురించి మామూలుగా మాట్లాడుకుంటున్నా, కొత్తవాళ్ళు కొట్లాటేమోనని ఆగి చూసేవారు.

నేను పొన్నూరు వైపు వాణ్ణి. మా ఇల్లు కాలవ గట్టునే. చిన్నప్పుడు నీళ్ళ చప్పుడు వింటూ నిద్రపోయిన అలవాటు వల్ల, ఉద్యోగం కోసం ఈ మెట్టప్రాంతానికి వచ్చిన కొత్తలో నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు. ఎంతసేపు చెవులు రిక్కించినా గాలీ, ఎండుటాకులూ తప్ప ఏమీ వినబడేవి కావు. భూమిలో నీళ్ళని వినే విద్య నాకు అంత తొందరగా పట్టుబడింది బహుశా ఆ బెంగ వల్లనే.

వినడమంటే నిజంగా వినడమే. మా పనిలో సౌండింగ్ రాడ్ అని ఒకటి ఉంటుంది. నాలుగడుగుల ఇనప కడ్డీ, దాని పైకొసన చెక్కతో చేసిన చిన్న డిప్ప. కడ్డీ మొనని వాల్వ్ మీదో, గొట్టం మీదో ఆనించి, డిప్పకి చెవి పెట్టాలి. నీళ్ళు సాఫీగా పోతుంటే మెత్తటి హోరు. ఎక్కడైనా కారుతుంటే, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సన్నగా చుయ్యిమంటుంది. మామూలు నేలలో అయితే లీకున్న చోట తడి పైకి తేలుతుంది. నల్లరేగడిలో అలా కాదు. వేసవిలో ఆ నేల బెత్తెడు వెడల్పున పగులుతుంది, కారిన నీళ్ళన్నీ ఆ పగుళ్ళు తాగేస్తాయి. పైన దుమ్ము దుమ్ముగానే ఉంటుంది.

ఊరికి తూర్పు కొసన పాలెం ఉంది. అక్కడివాళ్ళందరూ క్రైస్తవులు, ఎక్కువమంది మిరపకోతలకీ పత్తి తీతలకీ వెళ్ళే కూలీలు. వాళ్ళ బావి నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, తల అంటుకుంటే జిడ్డు వదలదు. పంచాయతీ దగ్గర ఇనప గొట్టాలున్నాయి గానీ కందకం తవ్వించడానికి నిధులు లేవు. అంతకు రెండేళ్ళ ముందు యేసోబు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఊళ్ళో దండోరా వేసేది అతనే. డప్పు లేకపోయినా అతని మాట మూడు వీధులకి వినబడేది.

"మేమే తవ్వుకుంటే గొట్టాలేస్తారా ఫిట్టరు గారూ?"

"వేస్తాను."

"నీళ్ళొస్తయ్యా?"

"వస్తాయి. నాదీ పూచీ."

ఆ ఒక్క మాట మీద వాళ్ళు ఆదివారాలు చర్చి అయ్యాక, ఆడా మగా పలుగూ పారా పట్టుకుని మైలున్నర తవ్వారు. నేను గొట్టాలు పరిచి, జాయింట్లలో సీసం కరిగించి పోశాను. కుళాయి తిప్పిన రోజు యేసోబు భార్య మార్తమ్మ మొదటి బిందె నింపి ఇంటికి తీసుకెళ్ళలేదు, ఆ నీళ్ళతో అక్కడే నా కాళ్ళు కడగబోయింది. సిగ్గేసి పారిపోయాను.

ఎనభై నాలుగు వేసవికి ఆ కుళాయి చుక్క చుక్కగా సన్నగిల్లి ఆగిపోయింది. ఆడవాళ్ళు మళ్ళీ ఉప్పుబావి దగ్గరికి నడిచారు. ట్యాంకులో నీళ్ళు మాత్రం ఆ లైన్లోకి పోతూనే ఉన్నాయి.

పంచాయతీ ఈ.ఓ. గారు పిలిపించారు. "ఏమయ్యా, సగం ట్యాంకు నేల తాగుతోంది. శనివారం దాకా చూస్తాను. కాకపోతే సోమవారం ఆ లైనుకి బ్లాంక్ ఫ్లాంజ్ బిగించెయ్."

బ్లాంక్ ఫ్లాంజ్ అంటే గొట్టం మూతికి బోల్టులతో బిగించే ఇనప మూత. నా సర్వీసులో దాన్ని బిగించడం చూశాను గానీ మళ్ళీ విప్పడం ఎన్నడూ చూడలేదు.

"అయినా ఆ కందకం వాళ్ళు లోతుగా తవ్వలేదటగా," అన్నారాయన. "కూలి లేని పని అలాగే ఏడుస్తుంది."

"అయ్యుండొచ్చండి," అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు. పై అధికారి అన్నాడు కాబట్టి, తప్పు నా మీదికి రాలేదు కాబట్టి అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

యేసోబుకి సంగతి చెబితే అతను అరవలేదు. అంత గొంతున్న మనిషి అరవకపోతే భయమేసింది.

"మీ మాట మీద తవ్వాం ఫిట్టరు గారూ. ఆ లీకు మీకు వినపడదా?"

అప్పుడు చెప్పాను నా కష్టం. లీకు వినడానికి రాత్రివేళ మంచిది. కానీ ఆ వేసవి సాయంత్రానికే ట్యాంకు అడుగంటేది, రాత్రి గొట్టంలో నీళ్ళే ఉండవు. కరెంటు ఇచ్చేది పగలు పదకొండు నుంచి మూడు దాకా. మోటారు తిరిగి గొట్టాలు నిండేదీ అప్పుడే, జిన్నింగ్ మిల్లూ కారం మరలూ తిరిగేదీ అప్పుడే. ఆ రొదలో కడ్డీకి చెవి పెడితే నాకు ఊరంతా వినబడుతుంది, నీళ్ళు తప్ప.

యేసోబు అడిగాడు, "ఊరంతా ఊరుకుంటే వినపడుద్దా?"

నవ్వొచ్చింది. "ఈ ఊరా? ఊరుకోవడమా?"

"అడిగి చూద్దారి," అన్నాడు.

మర్నాడు ఉదయం ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతున్న మనిషి, డప్పు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగి నిశ్శబ్దం గురించి అరిచాడు. "శనివారం పన్నెండు కొట్టంగానే... అరగంటసేపు ఎవ్వరూ కిక్కురుమనకూడదహో... ఫిట్టరు గారు నేలలో నీళ్ళు వింటారహో!"

జనం అరుగుల మీదికొచ్చి పగలబడి నవ్వారు. "ఒరేయ్ యేసోబూ, ముందు నువ్వు నోరు ముయ్యరా!" అన్నారు. "మా కుళాయి బానే వస్తందిగా, మాకేం పట్టింది?" అన్నారు బజారు వీధివాళ్ళు. వాళ్ళకి యేసోబు ఒకటే జవాబు చెప్పాడు. "మీరు పార పట్టక్కర్లేదండీ, చందా ఇయ్యక్కర్లేదు. అరగంట ఊరుకోండి చాలు." ఏదైనా ఇమ్మంటే కాదనడం తేలిక. ఊరుకోమంటే ఎలా కాదనాలో వాళ్ళకి తోచలేదు.

తోచింది జిన్నింగ్ మిల్లు శేషయ్య గారికి ఒక్కరికే. "ఉన్న కరెంటే నాలుగ్గంటలు. అందులో అరగంట మీ పాలెం కుళాయి కోసం ఆపాలా? పొండి, పొండి."

నేనూ యేసోబూ మిల్లు గుమ్మం దగ్గర్నించి వెనక్కి తిరిగాం. లోపల పత్తి అందించే ఆడకూలీల్లోంచి మార్తమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"షావుకారు గారూ, శనివారం మేం పన్నెండింటికే అన్నాలకి కూకుంటాం. మర తిప్పుకుంటే తిప్పుకోండి. పత్తి అందిచ్చేవాళ్ళే ఉండరు."

"ఏమ్మే, బెదిరిస్తున్నావా?"

"బెదిరింపెందుకండీ. ఆకలి."

శేషయ్య గారు ఆమెని చూశారు, ఆమె వెనక నిలబడ్డ ఇరవై మందినీ చూశారు. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. "సరే, కానీండి. అరగంటంటే అరగంటే."

మిల్లు ఆగుతుందని తెలిశాక ఊరి వరస మారిపోయింది. కారం మరలవాళ్ళు మేమూ ఆపుతామని వాళ్ళంతట వాళ్ళే కబురు పెట్టారు. మసీదు పెద్దాయన, బాంగు ఒంటిగంటకి కాబట్టి ఈలోగా పని కానిచ్చుకోమన్నారు. హెడ్మాస్టరు గారు పిల్లలకి ఆ అరగంటా బొమ్మలు గీసే పని పెట్టారు. హోటలు రేడియో, కమ్మరి కొలిమి, అన్నీ ఒప్పుకున్నాయి. జనం దాన్నొక పండగలా పట్టించుకోవడం మొదలుపెట్టారు.

శనివారం పన్నెండు కొట్టింది. ముందు మిల్లు ఆగింది. దాని వెనక మరలు ఒక్కొక్కటిగా ఆగాయి. నేను బజారు వాల్వ్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని డిప్పకి చెవి ఆనించాను. మొదట నా గుండె చప్పుడే వినబడింది.

ఆ అరగంట నేను ఇప్పటికీ కలలో నడిచినట్టే గుర్తుచేసుకుంటాను. తెల్లటి ఎండ. గాలిలో మిరప ఘాటు. మిల్లు ఆగాక కూడా పత్తి నూగు ఇంకా తేలుతూ నెమ్మదిగా వీధిలోకి దిగుతోంది. గుమ్మాల్లో, కిటికీల్లో, మిద్దెల మీద మనుషులు. ఎవరూ మాట్లాడరు, అందరూ నా కడ్డీ వైపే చూస్తున్నారు. ఒక ముసలాయన దగ్గు ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఒకావిడ కుక్క మొరగకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని అన్నం ముద్దలు తినిపిస్తోంది. ఒంగోలు బస్సు ఊరి బయటే ఇంజను ఆపేసింది. అందులోవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని వరసగా నడిచొస్తున్నారు. వాళ్ళకి ఎవరు చెప్పారో, ఎందుకు చేస్తున్నారో, నాకు తెలియదు. రోజూ గొంతు చించుకునే ఊరు నా కోసం ఊపిరి బిగపట్టింది. నా కళ్ళు తడిశాయి. తుడుచుకున్నా చప్పుడవుతుందేమో అనిపించింది.

ఆ నిశ్శబ్దంలో నాకు నీళ్ళు వినబడ్డాయి. మా కాలవ చప్పుడే. అదే హోరు, ఈ ఎండిన నేల కింద.

గొట్టం వెంబడి, వాల్వ్ నుంచి వాల్వ్‌కి, ఆ తర్వాత గడ్డపారతో గుచ్చిన కన్నాల్లోంచి వింటూ నడిచాను. యేసోబు నా వెనకే, ఒట్టి కాళ్ళతో. పత్తి యార్డు దాటి గొట్టం పాలెం వైపు తిరిగే మలుపులో హోరు మారింది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు, చుయ్యిమని. వేలు చూపించాను. అక్కడ తవ్వారు. రెండడుగులు దాటాక బురద, దాని కింద గొట్టం, జాయింట్‌లోంచి నీళ్ళు విసనకర్రలా చిమ్ముతున్నాయి.

జనం మూగారు. ఈ.ఓ. గారూ వచ్చారు. "నేను చెప్పలా? లోతు లేక నేల కదిలి ఊడింది," అన్నారు.

నేను జేబులోంచి టేపు తీసి లోతు కొలిచాను. నేనడిగిన మూడడుగులూ ఉంది, ఒక అంగుళం ఎక్కువే ఉంది. జాయింట్‌ని వేలితో తడిమాను. సీసంలో జల్లెడలా బుడగ కన్నాలు. తడి మీద పోసిన సీసం చిటపటలాడి అలా అవుతుంది.

ఆ మలుపు నాకు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం అదే చోట అకాల వాన. యేసోబు నా నెత్తిన గోనెసంచి పట్టుకుని నిలబడ్డాడు. "ఫిట్టరు గారూ, లోపల తడేమన్నా ఉందేమో చూడండి," అన్నాడు నెమ్మదిగా. నేను చూడలేదు. "నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

"కందకం సరిగ్గానే ఉందండీ," అన్నాను అందరికీ వినబడేలా. "పాలెంవాళ్ళ తప్పేం లేదు. ఈ జాయింట్ నేను పోసింది. తడి చూసుకోకుండా పోశాను."

అరగంట ఎప్పుడో దాటిపోయింది. అయినా ఎవరూ మాట్లాడలేదు. యేసోబు డప్పు భుజానికి తగిలించుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఊరికేం చెప్పమంటారండీ?"

"ఉన్నదున్నట్టు చెప్పు యేసోబూ."

అతను నన్నొకసారి చూసి గట్టెక్కి డప్పు మోగించాడు. "లీకు దొరికిందహో... పాలెంవాళ్ళ కందకం మూడడుగులూ ఉందహో... ఇంక మాట్లాడుకోవచ్చహో!"

ఊరు ఒక్కసారిగా గొల్లుమంది. అంత పెద్ద చప్పుడు నేను ఆ ఊళ్ళో కూడా అంతకుముందు వినలేదు. మిల్లు మళ్ళీ తిరిగింది.

"నా సంగతి చెప్పలేదేం?" అని అడిగాను.

"నేను అబద్ధం చెప్పలేదుగా," అన్నాడు యేసోబు. "మావోళ్ళ మీద పడ్డ మాట పోయింది. నాకది చాలు."

పాత సీసం తొలిచి, జాయింట్ ఆరబెట్టి, నేను మళ్ళీ పోసేసరికి ఆ రోజు కరెంటు పోయింది. ఆదివారం పన్నెండున్నరకి పాలెం కుళాయి ఒకసారి దగ్గి, గాలి వదిలి, ధార కట్టింది. బ్లాంక్ ఫ్లాంజ్ పంచాయతీ స్టోర్లోనే తుప్పు పట్టింది.

మరుసటేడు ఏప్రిల్లో శేషయ్య గారే మనిషిని పంపించారు, ఈ ఏడు ఎప్పుడు ఊరుకోవాలో చెప్పమని. లీకేమీ లేదు. అయినా ఒక రోజు చెప్పాను. ఆ తర్వాత నేను అక్కడున్నన్నేళ్ళూ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ ఊరు అరగంట ఊరుకుంది. నేను కడ్డీ పట్టుకుని ట్యాంకు నుంచి పాలెం దాకా నడిచేవాణ్ణి. కొసన డిప్ప యేసోబు చెవికిచ్చేవాణ్ణి. అతను కళ్ళు మూసుకుని వినేవాడు.

చెవులు బాగా పనిచేస్తాయని నాకు గర్వం ఉండేది. ఒక లీకు వినడానికి నాకు ఊరంతా ఊరుకోవాల్సి వచ్చింది. పక్కన నిలబడ్డ మనిషి వానలో చెప్పిన ఒక్క మాట విని ఉంటే అదేమీ అక్కర్లేకపోయేది. ఆ తర్వాత నా సర్వీసులో కొన్ని వందల జాయింట్లు పోశాను. ప్రతిసారీ సీసం గరిట ఎత్తాక ఒక క్షణం ఆగి, పక్కన ఎవరుంటే వాళ్ళని అడిగేవాణ్ణి.

"లోపల తడేమన్నా కనబడుతోందా?"

వాళ్ళు వంగి చూసి చెప్పేదాకా పోసేవాణ్ణి కాదు.