మాధవీలత, పొదిలి బీడు జింకలు

జూవాలజీ ఎమ్మెస్సీలో మాధవీలత కంటే నాకే మార్కులు ఎక్కువ. ఇప్పుడామె పొదిలి దగ్గర బళ్ళో సైన్స్ టీచరు. ఆదివారాలు ఊరి బయట బీట్లో తిరిగే కృష్ణజింకల మందను గమనిస్తుంది. మా ఆయన ఉద్యోగం కోసం అదే ఊరు చేరిన నేను, నాలుగేళ్ళ మా అమ్మాయి అన్విత టోపీ, నీళ్ళసీసా, జ్వరం సిరప్ మోసుకుంటూ వాళ్ళిద్దరి వెనక నడుస్తాను.

మాధవి మంద వైపు నేరుగా నడవదు. మేకలు కాసేవాళ్ళలా తల మీద తువ్వాలు, భుజాల మీద కర్ర వేసుకుని, ఎటో చూస్తూ ఏటవాలుగా పోతుంది. జింకలు ఒకసారి తలెత్తి మళ్ళీ మేతలో పడతాయి. నేనూ అలాగే నడిస్తే దూకి పారిపోతాయి. అన్విత కూడా నా చెయ్యి వదిలించుకుని ఆమె పక్కకే చేరుతుంది.

మొన్న ఆదివారం మేం వెళ్ళేసరికి సుబ్బరావమ్మ తన పత్తిచేలోంచి జింకపిల్లను కొంగులో ఎత్తుకుని వస్తోంది.

“తల్లి వదిలేసి పోయిందమ్మా. ఇంటికి తీసుకుపోయి పాలు పడతా.”

“వదల్లేదత్తా,” అంది మాధవి. “దాచిపెట్టి మేతకు పోయింది. పొద్దుగూకేలోపు వస్తుంది. పిల్ల పెట్టినచోట లేకపోతే ఇక కలవవు. మన పాలు దానికి పడవు, చచ్చిపోద్ది.”

“పసిగుడ్డును దాచిపెట్టి పోయే తల్లుంటదా? పెళ్ళే కానిదానివి, పిల్లల సంగతి నీకేం తెలుసు టీచరమ్మా?”

ఆ మాట నా చెవులకు హాయిగా ఉంది. జింకలు పిల్లల్ని దాచిపెడతాయని నేనూ చదివాను. అయినా నోరు విప్పలేదు.

“నాకు తెలియకపోతే పోనీ, దాని తల్లికి తెలుసుగా. సాయంత్రం దాకా చూడు. రాకపోతే నన్ను తిట్టు.”

“తిట్టకుండా వదుల్తానా?” అంటూనే సుబ్బరావమ్మ పిల్లను వెనక్కి తీసుకెళ్ళి, ఎత్తిన పత్తిసాలులోనే పడుకోబెట్టింది.

దూరంగా తుమ్మచెట్ల చాటున కూర్చున్నాం. పక్కచేలో మిరపకు మందు కొడుతున్నారు. అన్విత ముక్కుకు చున్నీ అడ్డం పెడుతూ, పాములున్నాయేమోనని నేల వెతుకుతూ, ఆ తల్లి రాకపోతే బాగుండునని అనుకున్నాను. పిల్ల బతకాలి. మాధవి మాట మాత్రం ఒక్కసారైనా తప్పాలి.

పొద్దు వాలింది. “అదుగో,” అంది మాధవి మెల్లగా. బైనాక్యులర్ అన్విత కళ్ళకు పెట్టింది.

“అమ్మా, పాలు తాగుతోంది.” పిలిచింది నన్నే. తిరిగింది మాత్రం మాధవి వైపు.

“దొంగముండ, ఎంత బాగా దాచిందీ,” అంటూ సుబ్బరావమ్మ నవ్వింది.

బైనాక్యులర్ నా చేతికి వచ్చేసరికి పత్తిమొక్కల ఆకులే కదులుతున్నాయి.

“చూశావా?” అని అడిగింది మాధవి.

“చూశాను,” అన్నాను.