గునుగు మడి

మొన్న నకిరేకల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే, ఒకామె గునుగుపూలను కట్టలు కట్టి, గులాబిరంగులో, ఆకుపచ్చలో ముంచి అమ్ముతూ కనిపించింది. ఆమె వేళ్లకు అంటిన రంగు చూడగానే మా అమ్మ చివరి రోజులు కళ్ల ముందుకొచ్చాయి. నా ఈడువాళ్లకు తప్ప ఈ గోడు ఎవరికి చెప్పుకోను?

తెలంగాణ వచ్చిన కొత్తలో, బడిలో డ్రాయింగు టీచరుగా నేను రిటైరైన ఏడాదే అమ్మకు మతిమరుపు ముదిరింది. ముందు పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత ఇంటిదారి, చివరికి నా పేరు. నల్లగొండ దవాఖానలో డాక్టరు, ఇది మందులతో పోయేది కాదు, చేతులకు అలవాటైన పని ఏదైనా పెట్టి చూడమన్నాడు. ఇన్నేళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పినదాన్ని కదా అని గర్వంగా రంగుపెన్సిళ్లు చేతికిస్తే, వాటిని చీపురుపుల్లల్లా కట్టగట్టి మూలన పెట్టింది. ఆ చేతులు కాగితం ఎరిగినవి కావు, చేను ఎరిగినవి. ఆమెకు వచ్చిన బొమ్మ ఒక్కటే, పూలతో పేర్చే బతుకమ్మ.

అందుకని పెరట్లో మడి చేసి బంతి, గునుగు చల్లాను. చేలో కలుపుగా మొలిచేదానికి నీళ్లు పోసి పెంచుతున్నానని వాడకట్టంతా నవ్వింది. మొలకలు లేచీ లేవగానే అమ్మ గొంతుక్కూర్చుని, బంతిమొక్క ఒక్కటీ కదలకుండా, గునుగునంతా పీకి గట్టున పెట్టింది. ఏం చేస్తుంది, బతుకంతా జొన్నచేలో ఆ కలుపే తీసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మళ్లీ చల్లాను, ఈసారి బాపు, అంటే మా నాన్న, పక్కన పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు.

భాద్రపదం నాటికి మడి తెల్లగా పూసింది. పూలు కోసి, రంగుల్లో ముంచి ఆరబెట్టి, తాంబాళం ముందు పెడితే, కన్నబిడ్డను గుర్తుపట్టని మనిషి వరస తప్పకుండా చుట్టు మీద చుట్టు పేర్చుకుంటూ పోయింది. తల ఎత్తకుండానే, "బిడ్డా, గా బంతిపువ్వు జర ఇటియ్యి" అంది. ఎన్నో నెలల తర్వాత నన్ను బిడ్డా అన్నది. ఇక రోజూ పేర్పించాను. పండుగ రాకముందే ఇదేం బతుకమ్మ అని కొందరు అడిగినా మానలేదు.

అంతలో బాపు నిద్రలోనే పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా బతుకమ్మ పేర్చరు. మా అన్న చెడ్డవాడు కాదు. పూలు కనబడితే అమ్మ పేరుస్తానంటుంది, చుట్టాల్లో మాట వస్తుందని భయపడి, దినాలు కాగానే నేను అడ్డంపడుతున్నా వినకుండా మడిని కొడవలితో కోసేశాడు. అమ్మ తాంబాళం పట్టుకొచ్చి ఆ మోళ్ల ముందు నిలబడి పూలేవని అడిగింది. బాపు చెల్లెలు, మా మేనత్త, మెల్లగా చెప్పింది.

"ఈ యాడాది మనింట్ల బతుకమ్మ లేదు వదినె. మా అన్న పోయిండు గద."

అమ్మ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. మర్నాడు మళ్లీ తాంబాళం తెచ్చింది, మళ్లీ చెప్పారు, మళ్లీ కొత్తగా ఏడ్చింది. ఆమెకు బాపు ఒక్కసారే పోలేదు, రోజూ పోయాడు. కొన్నాళ్లకు తాంబాళం తేవడం మానేసింది, నన్ను బిడ్డా అనడమూ మానేసింది.

ఏడాది తిరిగింది. రాలిన గింజలతో గునుగు దానంతటదే మొలిచింది, ఇప్పుడు కాదనేవాళ్లూ లేరు. అమ్మను చేయి పట్టి తీసుకొచ్చి మడి పక్కన కూర్చోబెట్టాను. పేర్చకపోయినా సరే, కలుపనుకొని ఒక్క మొక్క పీకినా చాలుననుకున్నాను. ఆ చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. చలికాలం రాగానే ఆమె కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు చేలల్లో మందు కొట్టి గునుగును మొలవనివ్వడం లేదు, కావాలంటే చౌరస్తాలో కొనుక్కోవాల్సిందే. మా పెరట్లో మాత్రం ప్రతి వానకాలం గుబురుగా లేస్తుంది. పీకేవాళ్లు లేరు.